రెప్ప కొట్టే వెలుగు

మంగళవారం
ఎండకోట్ల కొట్టు, మూడో లెవెల్.

ఇవాళ్టి నుంచి ఈ చిట్టా నేను రాయను, చెప్తాను. కళ్ళు ఒప్పుకోవడం లేదు. నేను మాట్లాడుతుంటే యంత్రం విని రాసుకుంటుంది. పొద్దున ఒకసారి చెప్పి చూశాను. నేను "గిట్ల" అంటే "ఇలా" అని రాసింది, "కండ్లు" అంటే "కళ్ళు" అని దిద్దింది. దిద్దుకోనీ. చదివేవాళ్ళు ఓదెమ్మ పెద్ద చదువులు చదివిందనుకుంటారు, నాకేం నష్టం. మనుషులు ఒకరితో ఒకరు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉంచమని గట్టిగా చెప్పాను.

ముందు పని సంగతి. మోచేతుల దగ్గర చిరిగిన కోట్లు రెండు వచ్చాయి. ఒకటి బాగుచేశాను, ఇంకోటి సగంలో వదిలేశాను. సూది బెజ్జం రెండుగా కనిపిస్తోంది. ఏ బెజ్జంలోకి దారం పెట్టబోయినా పక్కకే పోతోంది.

ఇదంతా మొన్న ఆదివారం ఇక్కడ అన్నీ నడిపే సిస్టం అప్‌డేట్ అయినప్పటి నుంచి మొదలైంది. సిస్టం ఆగితే పొయ్యి, తలుపు, పంపు అన్నీ ఆగుతాయి కాబట్టి అందరిలాగే నేనూ పొద్దున్నే అన్నం దించేశాను. మా వరస ఇళ్ళవాళ్ళందరం బయట చాపలు వేసుకుని, టోపీ దీపాలు పెట్టుకుని పచ్చీసు ఆడాం. పక్కింటి గట్టయ్య అన్న ఎప్పటిలాగే తొండి ఆడాడు. కాసేపటికి పైకప్పు పలకలు వెలిగి, వాటి మీద ఆకాశం వచ్చింది. నీలం అదే, మబ్బులు అవే. అందరూ చాపలు చుట్టుకుని లోపలికి పోయారు. నాకు చాప చుట్టేలోపే కళ్ళలో ఇసుక పోసినట్టయింది.

అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఎవరికో ఒకరికి ఏదో ఒకటి నొస్తుంది. అందుకే సర్దుకునే వారం అని పెట్టుకున్నాం. ఆ వారం ఎవరూ ఫిర్యాదు చేయకూడదు, చేసినా తీసుకోరు. వారం తరువాత అందరం కూడి చేతులెత్తుతాం. కొత్తది ఉండాలని ఎక్కువమంది ఎత్తితే పాత సిస్టం తుడిచేస్తారు. ఆ తరువాత నెత్తి కొట్టుకున్నా తిరిగి రాదు.

వారమంతా సర్దుకుంటూ కూర్చునే తీరిక నాకు లేదు. వచ్చే వారం బుధవారం మా సమ్మి మొదటిసారి పైకి పోతోంది. దానికి నేను కోటు కుట్టాలి.

బుధవారం

సమ్మి నా చెల్లెలి కూతురు. చెల్లెలు పోయిన దగ్గర్నుంచి నా దగ్గరే ఉంది. ఇప్పుడు పైపని బృందంలో చేరింది. పైన సోలార్ ప్లేట్ల మీద దుమ్ము పేరుకుంటే కింద ఈ సొరంగాల్లో మాకు గాలి కూడా ఆడదు. అందుకని పోయి తుడవాలి. పైన ఎండకు ఒళ్ళు కాలుతుందని, బొగ్గు తీసేసిన ఈ పాత గనిలో, మేం బాయి అంటాం, కాపురం పెట్టినప్పటి నుంచి ఒక ఆనవాయితీ ఉంది. పైకి పోయేవాళ్ళ మొదటి కోటు ఇంటి మనిషే కుట్టాలి. వాళ్ళ మనిషైతే కుట్టు వదిలేయదని నమ్మకం.

కోటు లోపలి వైపు మూడు వరసల కుట్లు పడాలి. బూడిద రంగు గుడ్డ మీద బూడిద రంగు దారం. ఒక కుట్టు తప్పితే అక్కడి నుంచి వేడి గాలి దూరుతుంది. అలా చెయ్యి కాలి వచ్చిన ఒక మనిషిని నేను చూశాను. ఆ కోటు నేను కుట్టింది కాదు, అయినా నెలరోజులు నాకు తిండి సహించలేదు.

ఇవాళ కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పోయాను. చిత్రమేమిటంటే, ఆమె గదిలో కూర్చున్న కాసేపటికే నొప్పి తగ్గిపోయింది. కింది వరస అక్షరాలు కూడా గడగడా చదివేశాను. సిగ్గేసింది.

"మంచిగనే ఉన్నయి గదా ఓదెమ్మా," అందామె. "వయసు మీదవడ్డది. సుక్కల మందేస్కొని పండుకో."

మందు తీసుకుని ఇంటికొచ్చాను. కుట్టు మిషను ముందు కూర్చోగానే మళ్ళీ మొదలు. కణతల దగ్గర ఎవరో వేలు పెట్టి నొక్కుతున్నట్టు ఉంది. డాక్టరమ్మను తిట్టాలో నా కళ్ళను తిట్టాలో తెలియలేదు. చివరికి సమ్మిని తిట్టాను, అన్నం గిన్నె కడగలేదని.

గురువారం

నాకు కళ్ళు నొస్తున్నాయని సమ్మి వరసంతా చాటింది. మా దగ్గర ఎవరికైనా జ్వరమో తలనొప్పో వస్తే ఆ వరసవాళ్ళందరూ పలకల వెలుగు తగ్గించుకుంటారు. అది మర్యాద. ఒక్కరు తగ్గించకపోయినా తరువాత వాళ్ళ ముఖం ఎవరూ చూడరు. పొద్దున లేచేసరికి వరసంతా సాయంత్రంలా ఉంది. గట్టయ్య అన్న గడప దగ్గర నిలబడి ఉన్నాడు.

"చెల్లె, ఏం ఫికర్ జెయ్యకు. ఈ కొసనుంచి ఆ కొసదాక తగ్గిచ్చినం. నీ కండ్లు సల్లవడేదాక ఎవ్వలం పెంచం."

ఆయన భార్య రాగి అంబలి పంపింది. ఎదురింటివాళ్ళు పిల్లల్ని అరవొద్దని లోపల కూర్చోబెట్టారు. నాకు ఏడుపొచ్చింది, నిజం చెప్తున్నాను. మీకందరికీ ఏమిచ్చి రుణం తీర్చుకోవాలి అనుకుంటూ కూర్చుని కోటు భుజం కుట్టడం మొదలుపెట్టాను.

మధ్యాహ్నానికి తల పగిలిపోయింది. నిన్నటికంటే రెట్టింపు నొప్పి. కుట్టిన భుజాన్ని వేలితో తడిమి చూస్తే దారం గుడ్డ అంచు దాటి గాల్లో కుట్టుకుంటూ పోయింది. మొత్తం విప్పేశాను. ఇంతమంది ఇంత ప్రేమగా చీకటి చేసి పెట్టాక కూడా తగ్గలేదని ఎలా చెప్పను? "ఎట్లున్నది చెల్లె?" అని గట్టయ్య అన్న గోడ అవతలి నుంచి అడిగితే "జర నయమే అన్నా" అని అబద్ధం చెప్పాను. అయితే ఇంకొంచెం తగ్గిస్తామన్నాడు.

శుక్రవారం

మిషను కూడా పాడైంది. తొక్కుతుంటే చేతి పక్కన ఉండే చక్రం ఆగిపోయి కనిపిస్తోంది. కాలు ఆడుతోంది, సూది దిగుతోంది, చక్రం మాత్రం కదలడం లేదు. ఇంకా వేగంగా తొక్కితే మెల్లగా వెనక్కి తిరుగుతోంది. వెనక్కి తిరిగితే దారం తెగాలి. తెగలేదు. దీనికి దయ్యం పట్టిందనుకుని మొత్తం విప్పి, బేరింగు తీసి, తుడిచి, నూనె పోసి మళ్ళీ బిగించాను. పూట గడిచిపోయింది. మళ్ళీ తొక్కితే మళ్ళీ అంతే.

సమ్మి వచ్చి చూసింది. నా చేతులకు నూనె, నేల మీద స్క్రూలు, కోటు ఇంకా ముక్కల్లోనే.

"పెద్దమ్మా, స్టోరుల కోటు తీస్కుంట తియ్యి. నీ కండ్లు పోగొట్టుకోని నాకు కోటెందుకు?"

"స్టోరు కోటు నీకు గోనెసంచి లెక్కుంటది. మణికట్టుకాడ రెండు వేళ్ళు దూరేంత సందుంటది. ఆ సందులకెల్లి ఎండ రాదా?"

"మరేం జేద్దాం? పక్క లెవెల్ల ఒకామె కుడ్తదట, అడగాల్నా?"

అడగమన్నాను. అని, గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. ముప్పై ఏళ్ళుగా ఈ లెవెల్ నుంచి పైకి పోయిన ఎంతోమంది ఒంటి మీద నా కుట్టుంది. నేను పెంచిన పిల్ల ఒంటి మీద వేరే మనిషి కుట్టు ఉంటుంది. తలనొప్పి కంటే ఆ సంగతే ఎక్కువ నొప్పించింది. నాకు ఆ పక్క లెవెల్ ఆమె పేరు వినడం కూడా ఇష్టం లేదు.

శనివారం

ఇవాళ నస్రీన్ వచ్చింది. లైట్ల ఆఫీసులో అప్‌డేట్‌లు దించేది, దించాక సరిచూసేది ఆ అమ్మాయే. తీగలు పెట్టుకునే సంచీ తెగిందని కుట్టించుకోవడానికి వచ్చింది. కళ్ళు నొస్తున్నాయని చెప్పాను. సర్దుకునే వారంలో అలా చెప్పకూడదు, కాని ఫిర్యాదుగా కాదు, కబురుగా చెప్పాను. ఆమె కూడా వయసు అంటుందేమో, సంచీ ముఖాన కొడదామని సిద్ధంగా ఉన్నాను. ఆమె వయసు మాటే ఎత్తలేదు.

"మిషిని గుడ ఖరాబైంది, సూడు," అని తొక్కి చూపించాను. చక్రం నిలబడింది. వేగం పెంచాను. వెనక్కి నడిచింది.

నస్రీన్ వంగి చూసింది. జేబులోంచి ఆఫీసు తాళం కార్డు తీసి గోడ మీది మీటకు ఆనించి, నా గది పలకల్ని పూర్తి వెలుగుకు పెంచింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"తొక్కు అక్కా, ఆపకు."

కళ్ళు తెరిచి చూస్తే చక్రం మామూలుగా, చువ్వలు కనిపించకుండా గిర్రున తిరుగుతోంది. ఆమె వెలుగు తగ్గించింది. చక్రం ఆగింది. పెంచింది. తిరిగింది. అలా చాలాసార్లు చేసి, నా పక్కన స్టూలు మీద కూలబడింది.

"నీ మిషిని మంచిగనే ఉన్నది అక్కా. చక్రం తిరుగుతనే ఉన్నది. లైటే నడుమనడుమ ఆరుతున్నది."

"ఆరితే నాకు కనవడదా?"

"అంత జల్ది ఆరి వెలుగుతది. ఇంతకుముందు వెలుగు తగ్గియ్యాలంటే సిస్టం కరెంటు సన్నగ పంపేది. ఇప్పుడు పంపుడు, ఆపుడు, పంపుడు, ఆపుడు. రెప్ప కొట్టినట్టు. గట్లయితే కరెంటు మిగులుతది. మస్తుమందికి తెల్వది. కొందరి కండ్లకు తెలుస్తది. ఎంత తగ్గిస్తే అంతసేపు ఆరుతది. ఫుల్ పెడితే అసలే ఆరదు." కార్డును జేబులో పెట్టుకుంటూ మళ్ళీ అంది. "మేం సరిచూసేటప్పుడు ఫుల్ పెట్టే సూసినం."

డాక్టరమ్మ గదిలో ఎప్పుడూ పూర్తి వెలుగే ఉంటుంది. నాకప్పుడు అర్థమైంది. మా వరసవాళ్ళు ఈ మూడు రోజులూ నా మీద ప్రేమతో నా కళ్ళు పొడుస్తున్నారు. అంబలి పంపి మరీ పొడుస్తున్నారు. నేను నవ్వడం మొదలుపెడితే ఆగలేదు. నస్రీన్ భయపడి మంచినీళ్ళు తెచ్చింది.

సరే, ఫుల్ పెట్టుకుని కుట్టుకుంటానన్నాను. అంత కరెంటు మా వరస వాటాలో లేదంది. తాళంతో పెంచింది కాసేపటికే తగ్గిపోయింది. అయితే చేతులెత్తే రోజు ఈ అప్‌డేట్‌ను తీయించేస్తానన్నాను. ఆ మాటకు ఆమె తల వంచుకుంది. "మిగిలిన కరెంటు యాడికి పోతున్నదో ఒకసారి సూసి రా అక్కా," అంది.

ఆదివారం

చూసి వచ్చాను. ఐదో లెవెల్‌కు పోతోంది. అక్కడ పసిపిల్లల గది ఉంది. అన్నిటికంటే లోతు కాబట్టి అన్నిటికంటే ఉక్క. ఎండాకాలం తల్లులు తడిగుడ్డలు పట్టుకుని వంతులవారీగా కూర్చునేవాళ్ళు. ఇవాళ అక్కడ ఒక్క తడిగుడ్డ లేదు. కూలరు ఆగకుండా నడుస్తోంది. పిల్లలు దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నారు. దుప్పటి. ఐదో లెవెల్‌లో. ఒక తల్లి నన్ను చూసి, శబ్దం చేయొద్దని వేలు చూపించింది.

తిరిగి మూడో లెవెల్‌కు ఎక్కి వచ్చాను. ఏమని అడగాలి? నా కోటు కోసం ఆ దుప్పట్లు తీసేయమనా?

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు సమ్మికి చెప్పాను. ఆ పక్క లెవెల్ ఆమెనే కుట్టమను, నేనింక సూది పట్టను అన్నాను. సమ్మి గోడకు ఆనుకుని కూర్చుని గోళ్ళు కొరుక్కుంటూ పైకి చూస్తోంది. దానికి అదొక చెడ్డ అలవాటు.

"రెండు పలకలు సగం సగం ఎందుకు వెలగాలె?" అంది. "ఒకటి మొత్తం ఆర్పి, ఇంకోటి ఫుల్ పెడితే కరెంటు అంతే గదా."

అంతే. కాని అది చేయకూడదు. ఆకాశం తెగకూడదని మా బాయిలో మొదటి కట్టడి. ఎంతైనా తగ్గించుకోవచ్చు, పైకప్పున ఒక్క పలక కూడా ఆర్పకూడదు. దిగిన కొత్తలో పలకలు ఆరితే జనం గోడలు బాదుకున్నారట. ఆ భయంతోనే కళ్ళు నొచ్చినా, జ్వరమొచ్చినా తగ్గించడమే తప్ప ఆర్పడం మాకు తోచదు. నాకూ తోచలేదు. ఈ పిల్లకు తోచింది.

సోమవారం

చేతులెత్తే రోజు. మూడో లెవెల్ కూడలిలో అందరం నిలబడ్డాం. నస్రీన్ బల్ల ఎక్కి, వెలుగు రెప్ప కొడుతోందని, సరిచూసేటప్పుడు తను అది కనిపెట్టలేదని చెప్పింది. సణగడం మొదలైంది. తరువాత నన్ను ఎక్కించారు. నా మిషనును మోసుకొచ్చి అందరి ముందూ తొక్కాను. ముందు నిలబడ్డవాళ్ళు ఆగిన చక్రాన్ని చూసి వెనకవాళ్ళకు చెప్పారు.

"అప్‌డేట్ తీసెయ్యమంటలేను," అన్నాను. "ఐదో లెవెల్ పిల్లగాండ్లు సల్లగ పండుకుంటున్నరు, నేను సూసొచ్చిన. పలకలు ఒకటిడిసి ఒకటి ఆర్పుదాం. మిగిలినయి ఫుల్ పెడదాం."

గట్టయ్య అన్న ముందుకొచ్చాడు. వరస పెద్దగా ఆకాశం కాపాడే బాధ్యత ఆయనదే.

"ఆకాశంల బొక్కలు పెడ్తవా చెల్లె? మా నాయిన సెప్పేటోడు, చీకటి సూసి మనుషులు పిచ్చోళ్ళయిండ్రని. ఒక్కదాని కండ్ల కోసం అందరిని చీకట్ల పెడ్తమా?"

ఆయన అన్నది తప్పు కాదు. నేను ఒక్కదాన్నే. బల్ల దిగబోయాను.

అప్పుడు నస్రీన్ అడిగింది. "సర్దుకునే వారం అయిపోయింది. ఇప్పుడు సెప్పొచ్చు. కండ్లు నొస్తున్నోళ్ళు చేతులెత్తుండ్రి."

ఎవరూ ఎత్తలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వారమంతా నోరు మూసుకుని ఉండడం అలవాటైన జనం, ఒక్కసారి నోరు తెరవమంటే ఎలా తెరుస్తారు.

గట్టయ్య అన్న నేల చూస్తున్నాడు. తరువాత ఆయన చెయ్యి లేచింది. భుజం దాకా లేచి ఆగి, మళ్ళీ పైకి పోయింది.

"పోయిన సోమవారం నుంచి తల పగులుతున్నది," అన్నాడు. "నువ్వు జర నయమన్నవు గదా చెల్లె, నాకొక్కనికే ఉన్నదనుకున్న."

ఆయన భార్య ఆయన్ని కొరకొరా చూసింది. ఎదురింటామె చెయ్యి లేచింది. బడి పంతులు చెయ్యి లేచింది. ఆయన వారం నుంచి పిల్లలకు కథలే చెప్తున్నాడని, పుస్తకం తెరవడం లేదని పిల్లలే చెప్పారు. డాక్టరమ్మ తన గది దాటి బయటికొస్తే నొస్తుందని చెయ్యెత్తింది. వెనక నుంచి ఇంకా, ఇంకా. నాకోసం నన్ను పొడిచిన వరసంతా వాళ్ళ కళ్ళనూ పొడుచుకుంది, ఒక్కరూ చెప్పలేదు. బల్ల మీద నిలబడి ఏడ్చాను. ఎవరూ నవ్వలేదు.

అప్‌డేట్ ఉంచడానికి చేతులు లేచాయి. ఆకాశం తెంపడానికి కూడా లేచాయి. కొద్ది తేడాతోనే, కాని లేచాయి.

మంగళవారం

పొద్దున్నే పలకలు ఆర్పారు. ఆకాశం ఒక ముక్క నీలం, ఒక ముక్క నలుపుగా ఉంది. ముసలివాళ్ళు కొందరు బయటికి రాలేదు. పిల్లలు మాత్రం నల్ల గడుల కింది చీకటిని దాటుతూ ఒంటికాలి మీద గెంతే ఆట మొదలుపెట్టారు. నల్ల దాంట్లో అడుగు పెడితే ఓడినట్టట. గట్టయ్య అన్న అక్కడ కూడా తొండి ఆడుతున్నాడని పిల్లలు అరుస్తున్నారు.

నేను మిషనును వెలిగే పలక కిందికి జరిపి కూర్చున్నాను. పూర్తి వెలుగు, కదలని వెలుగు. మొదట కాస్త గుచ్చింది, తరువాత కళ్ళలో ఇసుక మెల్లగా పోయింది. బూడిద గుడ్డ మీద బూడిద దారం విడివిడిగా కనిపించింది. సమ్మిని నిలబెట్టి మణికట్టు దగ్గర కొలిచి, బిగించి, మళ్ళీ కొలిచాను. అది విసుక్కుంది. విసుక్కోనీ. మూడు వరసలూ కుట్టాను. ప్రతి కుట్టునూ కంటితో చూశాను, తరువాత వేలితో చూశాను, తరువాత గాలి ఊది చూశాను. పక్క లెవెల్ ఆమెకు అక్కర్లేదని కబురు పంపాను. మర్యాదగానే పంపాను.

బుధవారం

తెల్లవారుజామున సమ్మి వాళ్ళు లిఫ్టు ఎక్కి పైకి పోయారు. నేను కొట్టు తెరవలేదు. లిఫ్టు దగ్గరే కూర్చున్నాను. గట్టయ్య అన్న భార్య వచ్చి పక్కన కూర్చుంది. అలాంటి మనిషి పక్కన ఉంటే చాలు.

లిఫ్టు దిగింది. సమ్మి టోపీ తీయకముందే దాని కోటు విప్పించి మణికట్లు, మెడ, భుజాలు చూశాను. చర్మం మీద ఒక్క ఎర్ర మచ్చ లేదు.

"ఆగు పెద్దమ్మా, ఊపిరి తీస్కోనియ్యి," అంది నవ్వుతూ. ముఖమంతా చెమట. కాని దాని కళ్ళను నేనెప్పుడూ అలా చూడలేదు.

"ఏం సూసినవే అంతగనం?"

"పొద్దు పొడిసేటప్పుడు ఎండ ఇంకా కాలదు. టోపీ అద్దం లేపి సూడొచ్చన్నరు, సూసిన. పెద్దమ్మా, ఆ వెలుగు ఎక్కడ సుత తెగదు. ఈ కొస నుంచి ఆ కొసదాక. దాన్నట్ల సూస్కుంట నిలవడ్డ. కండ్లు గింత సల్లగ ఉంటయని నాకు తెల్వనే తెల్వదు. నువ్వు సూడాలె."

నేను చంకలో పిల్లగా ఈ బాయిలోకి దిగాను. మళ్ళీ పైకి పోలేదు. పోయేవాళ్ళకు కుట్టడమే నా పని, నాకెందుకు అని ఎప్పుడూ అడగలేదు. ఇవాళ సమ్మిని వెంటబెట్టుకుని పోయి కొట్టు తెరిచాను. లోపలికి పోయి టేపు తీసుకొచ్చి సమ్మి చేతిలో పెట్టి, వీపు తిప్పి నిలబడ్డాను.

దానికి కొలత తీయడం రాదు. టేపు వంకరగా పట్టుకుంది, భుజం ఎక్కడ మొదలవుతుందో కూడా తెలియలేదు. రెండుసార్లు తప్పు చెప్పింది. నేను దిద్దలేదు, చేతులు చాచి కదలకుండా నిలబడ్డాను.

ఇవాళ్టి పని: మొదటి కోటు ఒకటి. మనిషి పేరు ఓదెమ్మ, మూడో లెవెల్.